చేపల పెట్టెలో మంచు

కెమి స్టేషన్లో రాత్రి రైలెక్కుతుంటే
టికెట్లబ్బాయి అడిగాడు, పెట్టెలో ఏముందని.
చేపలన్నాడు మా ఆయన.
నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి,
ఎవరి కవరులో ఏముందో ఏనాడూ పైకి అనని మనిషి,
అబద్ధమాడితే మాత్రం చెవులు ఎర్రబడతాయి.

పెట్టె నిండా మంచు.
పడవ కొట్టం కప్పు మీంచి పారతో దించి,
పాత పేపర్లు చుట్టి,
మూత మీదెక్కి కూర్చుని మరీ బిగించాడు.
మనవడు ఫోన్లో అన్న ఒక్క మాటకి ఇదంతా:
"స్కీ సెలవులిచ్చారు తాతా,
ఇక్కడేమో వాన."

తుర్కులో నిజంగానే వాన.
ఫిబ్రవరికి సిగ్గు లేకుండా పోయింది.
మర్యుత్ ఒక్కటే గొడుగు తెచ్చింది స్టేషనుకి;
తండ్రీ కూతురూ దాన్ని
పెట్టెకి పట్టుకు నడిచారు, నేను తడిశాను.

ఊర్హో మూత తీసి చూసి
"ఇంతేనా" అన్నాడు.
ఎనిమిదేళ్ళవాడు, కొండ వస్తుందనుకున్నాడు కాబోలు.
బాల్కనీలో కుందేలు చేశారిద్దరూ, పిల్లికంటే చిన్నది.
తెల్లారేసరికి
మిరియాల కళ్ళు రెండు
నీళ్ళలో తేలుతున్నాయి.
మిగిలిన మంచు ఐస్‌క్రీం డబ్బాలో
ఫ్రీజర్లోకి ఎక్కింది, చేప ముక్కల పక్కన.
మా ఆయన ఆడిన అబద్ధం అలా సగం నిజమయింది.

సోమవారం, మంగళవారం, కూతురూ అల్లుడూ ఆఫీసుల్లో.
మూడొందల మంది బడిపిల్లలకి
ముప్పై ఏళ్ళు వండి పెట్టిన చెయ్యి నాది,
మరలు లేని గాజు పొయ్యి ముందు
మునివేళ్ళతో బతిమాలింది.
ఊర్హో వచ్చి, చూడకుండానే నొక్కి, వెళ్ళాడు.
గురువారం బఠానీ సూపు మాడింది.
బాగుందన్నారు అందరూ. మర్యాద అంటే అదే.

ఆయనేమో మెట్ల కింద ఉత్తరాల డబ్బాల దగ్గర
పద్దెనిమిది ఇంటిపేర్లూ బట్టీ పట్టాడు.
"మూడో అంతస్తు ఆవిడకి పార్సిలొచ్చి నాలుగు రోజులైంది,"
అన్నం దగ్గర దిగులుగా అన్నాడు.

తమ్ముడి పిన్ కోడు మాత్రం
నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.
పదకొండేళ్ళయింది, కార్డు ముక్క రాయలేదు.
వాళ్ళ నాన్న పడవని అడక్కుండా అమ్మేశాడు వేయిక్కో.
ఎంతకో కూడా చెప్పలేదు.
రైసియో ఎక్కడో లేదు,
సిటీ బస్సులో ఇరవై నిమిషాలు.

నేనే ఫోను చేశాను. శనివారం, సౌనా వేళకి.
సౌనాకి వస్తామంటే
శత్రువైనా వద్దనడు మా దేశంలో.
బయల్దేరుతుంటే ఊర్హో ఆ డబ్బా చేతిలో పెట్టాడు,
పెద్ద మనసుతో కాదు,
ఐస్‌క్రీంకి చోటు కావాలట.

ముందు మగవాళ్ళ వంతు.
నేనూ సాయిమీ కాఫీ కప్పులతో గోడ ఇవతల.
తన మోకాలి ఆపరేషన్ గురించి చెబుతోంది తను,
నా చెవులు మాత్రం గోడకే.
చాలాసేపు ఏమీ లేదు.
రాళ్ళ మీద నీళ్ళు. మళ్ళీ ఏమీ లేదు.
తర్వాత, నీళ్ళ చప్పుడు కాదు,
ఇంకొంచెం మెత్తగా, ఇంకొంచెం సేపు, చుయ్‌మని.

"ఎక్కడిదది?"
"కొట్టం కప్పు మీదిది."

సాయిమీ కూడా మోకాలు మర్చిపోయింది.

"ఇంకో గరిటె వెయ్యి."

అంతే విన్నాను.
ఎర్రగా కాలి బయటికొచ్చారిద్దరూ,
ఒకే రకం చెవులు, ఒకే తండ్రివి.
పడవ ఎంతకి పోయిందో చెప్పాడో లేదో,
బస్సులో నేనడగలేదు.
అంటించిన కవరు చింపకూడదని
నలభై ఏళ్ళు ఈయన దగ్గరే నేర్చుకున్నాను.

తిరుగు రైల్లో పెట్టెలో
సాయిమీ ఇచ్చిన రై రొట్టె,
పొరపాటున వచ్చిన ఊర్హో చేతి తొడుగు ఒకటి.
ఏముందని ఈసారి ఎవరూ అడగలేదు.
ఆయన కొంచెం నొచ్చుకున్నాడు.

కెమిలో మైనస్ ఇరవై మూడు.
సామాను గుమ్మంలో వదిలి
తిన్నగా పడవ కొట్టం దగ్గరికి నడిచాడు.
పార దిగిన చోటు అప్పుడే పూడిపోయింది,
ఎవరూ ఏమీ తీసుకోనట్టు.

"కుడి పక్కన ఇంకా బోలెడుంది," అన్నాడు.