గింజ

మా పెద్దమ్మ కాశింబీ
దూదిని పిసికి చూసి ఊరు చెప్పేది.
"ఇది హొళగుంద చేనుది, వాన సాలక పోగు పొట్టిగుంది."
"ఇది కోసిగిది. మంచు తగిలింది."
ఆదోని యార్డులో కాటా పక్కన సేట్లు
కండ్లద్దాలు సర్దుకునే లోపల
ఆమె బొటనవేలు లెక్క తేల్చేసేది.
సంతకానికి అదే వేలు
సిరాలో ముంచాల్సి వచ్చేది.

పెదనాయన పోయినాక
మూడు నెలలు విల్లు గోడకే వేలాడింది.
నాలుగో నెల దించి, నరం బిగించి,
వాకిట్లో కూచుని మీటింది.
ఆడది విల్లు పట్టేదేందని
వీధి వీధంతా నోరు నొక్కుకుంది.
"విల్లుకేమన్నా మీసాలుంటాయా" అనింది,
ముక్కుకు కొంగు కట్టుకుంటూ.
ఆ పొద్దు నుంచి మా ఇంట్లో
మిల్లు కూత కంటే ముందే తెల్లారేది.
డంయ్, డంయ్, డంయ్.
ఉగ్గాని మీద, నా పలక మీద, మా అమ్మ కొప్పులో
సన్నగా దూది వాలుతుండేది.
బడిలో నన్ను ముసిలోడా అని పిల్చేవాళ్లు.

పెండ్లి పరుపంటే ఆమె దగ్గరికే రావాల.
దబ్బనంతో ఆఖరి కుట్టు వేసే ముందు
ఎవరూ చూడకుండా
కాళ్లవైపు మూలలో
ఒక్క పత్తిగింజ వదిలేది.
నేను చూసినాను. పదేండ్లుంటాయి నాకు.
"ఎందుకు పెద్దమ్మా?"
"అంతా మెత్తగుంటే మనిషి పక్కకు దొర్లడురా.
ఒక పక్కనే పండుకుని కుళ్లిపోతాడు."
మళ్లీ నా చెవి మెలేసి,
"బయట చెప్పినావంటే
నిన్నే లోపల పెట్టి కుట్టేస్తా."

ఇరవై ఏండ్లు చెప్పలేదు.

ఇప్పుడు నేనమ్మేది ఫోమ్ పరుపులు.
అంగడి తెరిచిన రోజు వచ్చింది,
దర్గాలోకి వచ్చినట్టు చెప్పులు బయటే విడిచి.
రెండు వేళ్లతో ఒక పరుపును నొక్కింది.
గుంట పడింది, మెల్లగా పైకి లేచింది.
మళ్లీ నొక్కింది. మళ్లీ లేచింది.
"దీనికి ఏమీ గుర్తుండదేందిరా" అనింది.
బోర్డు మీద మెమరీ ఫోమ్ అని
పెద్దక్షరాలతో రాయించినాను.
ఆమెకు చదువు రాదు.
ఫాతెహా చదివించి, చక్కెర బొరుగులు అందరికీ పంచి,
దగ్గుకుంటూ నడిచిపోయింది.

ఆ దగ్గే.
కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు
ఎక్స్‌రే ఎత్తి కిటికీకి ఆనించినాడు.
రెండు పక్కలా తెల్లగా, ఉండలుండలుగా.
కండ్లు చిట్లించి ఆమె కూడా చూసింది.
"ఎవుడో సరిగ్గా ఏకలేదు" అనింది.
నవ్వింది ఆమె ఒక్కతే.

పోయింది శుక్రవారం,
కరెంటు లేని మధ్యాన్నం.
నలభయ్యో దినం చదివింపులైనాక
ఉతుకుదామని ఆమె దిండు విప్పినాం.
దూది లేదు.
గింజలు.
ఒక్క పోగు లేకుండా గింజలే,
ఇన్నేండ్లూ ఊరందరి నిద్రల్లోంచి ఏరినవి.
తల ఆనినచోట నూనె పట్టి
నల్లగా మెరుస్తున్నాయి.
మా అమ్మకు నోట మాట రాలేదు.
నేను లెక్కబెట్టబోయినా, ఎందుకో తెలీదు.
మూడు నూర్ల దాకా పోయి తప్పినా.

ఎదురింటి ఈరమ్మ వచ్చి,
"బర్రెకు పెట్టండబ్బా, పాలు చిక్కగిస్తుంది" అనింది.
సగం ఇచ్చినాను.
నిజంగానే చిక్కగిచ్చింది.
రెండు రోజులు టీ శానా బాగుండ్య.
మిగిలిన సగం
అంగట్లో గల్లాపెట్టె కింద క్యారీబ్యాగులో ఉంది.

నిన్న ఆలూరు నుంచి పెండ్లివాళ్లొచ్చి
డబుల్ కాట్ పరుపు బేరం చేసినారు.
ఆటోకు ఎక్కించే ముందు
కాళ్లవైపు జిప్పు జానెడు తీసి
చెయ్యి లోపలికి పెట్టినాను.
"ఏంది చూస్తావుండావు?" అన్నాడు
పెండ్లికూతురి నాయన.

"ఏం లేదన్నా," అన్నాను,
"కుట్టు."