నా పేరు మీద నొక్కితే

కంప్యూటర్ వెయ్యగానే మూడు గుండ్రాలు.
మొదటి దాంట్లో మా బావగారు, నల్లకళ్లద్దాలతో.
కింద చిన్న అక్షరాల్లో: అడ్మినిస్ట్రేటర్.
రెండోది మా ఆయనది, ఖాళీ.
మూడోది నాది. మా పిల్ల చామంతి పువ్వు పెట్టి
సలోమి అని రాసింది.

బావగారి గుండ్రంలో ఇంటర్నెట్ వస్తుంది.
నా గుండ్రంలో రాదు.

తీగ ఒకటే. గోడకున్న డబ్బా ఒకటే.
నెలకి ఆరొందల యాభై,
అందులో సగం నా అంగన్‌వాడీ జీతంలోంచే.
అయినా నా పేరు మీద నొక్కితే
తెల్లటి తెర, మధ్యలో ఒక్క ముక్క:
కనెక్ట్ కాలేకపోతున్నాం.
లోపల ఎవరో చాలామంది కూర్చుని
కూడబలుక్కుని చెబుతున్నట్టు.

కేబుల్ ఆఫీసు నుంచి మస్తాన్‌వలి వచ్చాడు,
శంకర్ విలాస్ వంతెన దగ్గర ఇరుక్కుని
గంట ఆలస్యంగా, చొక్కా వీపుకి అతుక్కుపోయి.
బావగారు తన గుండ్రం తెరిచిచ్చారు.
ఏటీఎం ముందు నిలబడ్డట్టు
చెయ్యి అడ్డం పెట్టుకుని పాస్‌వర్డు కొట్టి.
"వస్తోందిగా అక్కా, రయ్యిమని వస్తోంది."
నా దాంట్లో చూడు బాబూ అన్నాను.
"లైను ఒకటే కదక్కా" అని సంచీ జిప్పు లాగేశాడు.

రెండోసారీ అతనే. మూడోసారి ఇంకో అబ్బాయి.
జ్వరం నాకైతే
బావగారి నాడి పట్టుకు చూసి
ఏమీ లేదమ్మా అని లేచిపోయే వైద్యం.

ఆదివారం. చర్చి నుంచి వచ్చి, వండి, వడ్డించి,
అందరూ ఫ్యాను కింద పడుకున్నాక
నేను కూర్చున్నాను.
డబ్బా ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేశాను.
పచ్చదీపాలు లేచాయి, నా తెర లేవలేదు.
తేదీ చూశాను, టైము చూశాను, బాగానే ఉన్నాయి.
ఫైర్‌వాల్ అనే గోడొకటి ఉంటుందంటే
దాని మీద చెయ్యేశాను.
మీకు అనుమతి లేదు,
అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు ఇవ్వండి, అంది.
నోటితో చాలాసార్లు విన్నమాటే.
అచ్చులో చూడటం అదే మొదలు.

అప్పుడు గుర్తొచ్చాడు ఎలీషా,
మా తోడికోడలి తమ్ముడు.
క్రిస్మస్ ముందు నెల్లాళ్లు పరీక్షకని ఇక్కడే ఉన్నాడు.
బావగారిది ముట్టుకోనివ్వరు కాబట్టి
నా గుండ్రంలో కూర్చునేవాడు.
కోచింగ్ సెంటరు వాళ్లు చెప్పారని ఏవో అంకెలు ఎక్కించాడు,
తియ్యకుండానే వెళ్లిపోయాడు,
దండెం మీద మర్చిపోయిన లుంగీలాగా.

సెట్టింగుల్లో లోపలికి, ఇంకా లోపలికి వెళ్తే
ప్రాక్సీ అని ఒక అర.
అందులో వాడి అంకెలు, పక్కన టిక్కు.
అంటే నాలుగు నెలలుగా నేను ఏది అడిగినా
ఆ అడగడం ముందు అరండల్‌పేటకి పోయి
ఎప్పుడో ఎత్తేసిన ఆ సెంటరు మెట్లెక్కి
తాళం చూసి తిరిగొస్తోందన్నమాట.

టిక్కు తియ్యబోయి ఆగాను.
ఇప్పుడు అడుగుతుంది, పాస్‌వర్డు.
చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని నొక్కాను.

అడగలేదు.

ఈ అర నాదేనట.
నా పేరు మీదున్న సామాను సర్దుకోడానికి
ఎవరినీ అడగక్కర్లేదట.
ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదేమని
కాసేపు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ముందు ఆగిపోయిన పదిహేడు మంది పిల్లల బరువులు ఎక్కించాను.
షబానా పదకొండు కిలోల రెండొందలు,
పోయిన నెలకన్నా మెరుగే.
తర్వాత పనేం లేకుండా, ఊరికే,
మా కొరిటెపాడుని ఆకాశంలోంచి చూశాను.
మా నీళ్ల ట్యాంకు ఒక నల్లచుక్క.

సాయంత్రం టీ తాగుతూ బావగారు
"నీది ఇంకా రావట్లేదా అమ్మా,
రేపు మస్తాన్‌ని పిలుస్తాలే" అన్నారు.
పిలవండి అన్నాను.
అతనికి ఒకటి చూపించాలి.
పాపం, ఎన్ని ఇళ్లల్లో
పచ్చదీపాలు చూసి వెళ్లిపోతున్నాడో.