బూట్లు కడిగే గేటు

మచాలా ఊరి బయట, అరటితోట గేటు దగ్గర
నార్సిసా ఉగార్తె పని బూట్లు కడిగించడం.
నీలం తొట్టిలో మందునీళ్ళు,
పళ్ళూడిన బ్రష్షు, ఒక రిజిస్టరు.
యజమాని వచ్చినా ఆగాలి. ఫాదరు వచ్చినా ఆగాలి.
మొన్న సొంత తమ్ముడితో మూడుసార్లు మడమలు రుద్దించింది,
వాడింకా మాట్లాడటం లేదు.

లోపల వెయ్యి ఎకరాలు,
అన్నీ ఒకే తల్లి పిలకలు.
ఒక వేరులో దూరిన తెగులు
రెండోదానికి దారి అడగదు.
పగబట్టినవాడికి తుపాకీ ఎందుకు,
గోటికింద మట్టి చాలు
అన్నారు శిక్షణలో.
ఆ రాత్రి ఆమె తన గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది.

గురువారం గెలలు కోయడానికి కొత్తవాడొచ్చాడు.
సంచి అడుగున, చొక్కాలో చుట్టి,
ముడేసిన ప్లాస్టిక్ కవరు:
నల్లమట్టి, పిడికెడు.
"కొలంబియాలో మా అమ్మను పూడ్చిన చోటుది" అన్నాడు.
అబద్ధమయ్యుండొచ్చు.
నిజమైతే మాత్రం?
తెగులుకి అమ్మ తెలుసా, పగ తెలుసా.

విజిల్ ఊదింది.
వాళ్ళొచ్చి అతన్ని జీపెక్కించారు,
కవరును డ్రమ్ములో వేసి మండించారు.
రిజిస్టరులో 'వస్తువు' గడిలో
మట్టి అని రాసి, కాసేపాగి,
పక్కన చిన్నక్షరాలతో
తల్లిది, అని రాసింది.

సాయంత్రం తన బూట్లూ తొట్టిలో ముంచింది.
నీళ్ళు మార్చాల్సిన వేళ దాటిపోయింది.
లారీ నిండా పచ్చి గెలలు రేవుకి పోతున్నాయి.
ఎక్కడో ఒక పిల్లాడు
ఏమీ జరగని ఈ రోజును
తొక్క తీసుకుని తింటాడు.