గేజి పుస్తకం

ముప్పై నాలుగేళ్లు లొల్ల లాకుల మీద లస్కరుని.
తెల్లారి ఐదింటికి మెట్లు దిగి
గేజి రాయి మీద నీటి గీత చూసి
అడుగులూ అంగుళాలూ పుస్తకంలో ఎక్కించేవాణ్ణి.
చక్రం తిప్పితే తలుపు లేచేది,
చెప్పినంత నీరే చెప్పిన వైపు పోయేది.

ఇప్పుడు నా లోపలి లాకు నా మాట వినదు.

రాజమండ్రి ఆస్పత్రి బల్ల మీద కూర్చుని
నేనే అన్నానీ మాట.
నవ్వాలా వద్దా అని చూసింది డాక్టరమ్మ.
నవ్వండమ్మా, అన్నాను.
నేను నవ్వితే మాత్రం రెండు చుక్కలు కారతాయి,
దానికేం.

మూడు నెలలకో సూది, బొడ్డు పక్కన.
ఒంట్లో మగవాడి రసాన్ని ఎండగడుతుందిట,
వేసవిలో కాలువ కట్టేసినట్టు.
నీరు కడితే గుర్రపుడెక్క చస్తుంది, నిజమే.
చేపా చస్తుంది.
ఈ మాట డాక్టరమ్మతో అనలేదు.
చీకట్లో వరాలుతో అన్నాను.
తను నా అరచెయ్యి తిప్పి
చెంప కింద పెట్టుకుని పడుకుంది.

మార్గశిరం మంచు. అర్ధరాత్రి
ఒంట్లోంచి ఇడ్లీపాత్ర ఆవిరి.
బనీను పిండితే నీళ్లు.
వరాలు లేచి విసనకర్ర అందుకుంది.
"నాకిలా వచ్చిన ఏడాది
కిటికీ తెరిస్తే చలేస్తోందని కసిరారు,
గుర్తుందా?"
గుర్తుంది.
లేదన్నాను.
విసురుతూనే ఉంది.

ఎముకలు గుల్లబారతాయి, కూర్చోవద్దు,
నడవండి, బరువులెత్తండి, అంది డాక్టరమ్మ.
బరువులకి కొబ్బరికాయలున్నాయి,
సంచికి మూడు, చేతికో సంచి.
నడకకి కాలవగట్టుంది.
దూరం ఇప్పుడు మైలురాళ్లతో కొలవను:
ఇంటి నుంచి పాత పంపుషెడ్డు గోడ,
గోడ నుంచి మొగలిపొద,
మొగలిపొద నుంచి ఇటికలబట్టీ వెనక.
మధ్యలో ఎవరైనా ఆపి
"ఏవండోయ్, కులాసానా?" అంటే
కులాసా అని ముందుకే అంటాను,
కాళ్లు ఆగవు.

రావులపాలెం మందుల షాపులో
పెద్దవాళ్ల డైపర్ల కట్ట పేపర్లో చుట్టించుకుంటుంటే
వెనక కుడుపూడి పల్లయ్య.
చూడనట్టే చూశాడు.
మర్నాడు పొద్దున్నే గట్టు మీద
చేతిలో సంచితో నా పక్కన కలిశాడు.
అరమైలు ఏమీ మాట్లాడలేదు.
పంపుషెడ్డు దగ్గర ఇద్దరం ఒకేసారి ఆగాం,
గోడకి ఆ చివర తను, ఈ చివర నేను.
"ఎన్నాళ్లయింది?" అన్నాడు.
"రెండేళ్లు."
"నాకు మొన్న శ్రావణానికి ఏడాది.
ఇంట్లో షుగరని చెప్పాను."

ఆ రోజు ఇటికలబట్టీ దాటి కూడా నడిచాం.

పాత గేజి పుస్తకం పారేయలేదు.
ఎడమ పేజీలో ఇప్పటికీ కాలవ మట్టం,
నన్నెవరూ అడక్కపోయినా.
కుడి పేజీలో పీఎస్ఏ.
తొలిసారి నలభై ఆరు, వరద మట్టం.
తర్వాత పదకొండు. తర్వాత రెండు.
నిన్నటిది సున్నా పాయింట్ నాలుగు.
మట్టం తగ్గిందంటే నది పోయిందని కాదు,
లస్కరుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

జూన్లో నీరు వదిలిన పొద్దున
చక్రం బిగిసిపోయి కుర్ర లస్కరు
సెల్‌ఫోను జేబులో వేసి కేకేశాడు,
"తాతా, ఓ చెయ్యి వెయ్యి!"
పాత చేతులు కావివి, కండ కరిగింది.
అయినా ఇనుము నన్ను మరచిపోలేదు.
ఏడు చుట్లు. ఎనిమిదో చుట్టుకి కిర్రుమని
తలుపు కింద నుంచి ఎర్రనీళ్లు.
పల్లయ్య గట్టు మీద నుంచి ఈల వేశాడు.

నీళ్లొచ్చాయి.
నాకూ వచ్చింది.
మొగలిపొద దాకా ఆగింది.
అదీ రాశాను,
కుడి పేజీలో, తారీఖు వేసి.