తెగులు మడి

పటాన్‌చెరులో బస్సు దిగి, మందుల ఫ్యాక్టరీ వాసన దాటి
ఏడింటికల్లా చేలో ఉండాలి మేం.
ఎండెక్కితే మొగ్గ మాట వినదు.

రేపు విచ్చుకోబోయే కందిమొగ్గను
ఎడమ బొటనవేలి గోటికి ఆనించి
చిమటాతో రెక్క తప్పిస్తుంది మొగులమ్మ.
లోపల పది కేసరాలు.
తొమ్మిది ఒక జట్టు, ఒకటి ఒంటరిది.
"గా ఒంటిదే దొంగది సారూ,
గది మిగిలిందంటే అంత ఖరాబు."
పదీ తీసేసి, వేరే చాలు నుంచి తెచ్చిన పువ్వుతో
బొట్టు పెట్టినట్టు ఒక్కసారి తాకిస్తుంది.
ఎర్ర ఊలుదారం కడుతుంది.
నేను చీటీ రాస్తాను: తల్లి అంకె, తండ్రి అంకె, తేదీ.
ఈ పెళ్లిలో ఎవరికీ పేర్లుండవు.
పదింట తొమ్మిది రాలిపోతాయి.
నిలిచినదాంట్లో నాలుగు గింజలు,
ఒక్కోసారి మూడే.

పొలం చివర ఒక మడి ఉంది.
అందులో మేం తెగులును సాగు చేస్తాం.
ఎండిన కట్టెను పారేయం,
ముక్కలు నరికి ఆ మట్టికే తినిపిస్తాం.
రైతెవడైనా చూస్తే మాకు పిచ్చి ముదిరిందనుకుంటాడు.
కొత్తగా పుట్టిన ప్రతి గింజా అక్కడ మొలవాల్సిందే,
ముద్దొచ్చేది ఇంకా ముందు.
పూతకొచ్చే వేళకి చాళ్లకు చాళ్లు తలవాలుస్తాయి.
కాండం చీలిస్తే లోపల
కాలిన అగ్గిపుల్లతో గీసినట్టు నల్లటి గీత.
మిగిలిన ఏడో ఎనిమిదో మొక్కల దగ్గర
ఎవరూ చెప్పకుండానే గొంతులు తగ్గించి మాట్లాడతాం.

మలావీ నుంచి ఆర్నెల్ల శిక్షణకొచ్చింది తమండ.
అక్కడ జూన్‌లో చలట. కందిని నందోలో అంటారట.
"నందోలో!" మొగులమ్మ పడీ పడీ నవ్వింది,
"మా మేనత్త కొడుకు పేరోలె ఉన్నది."
ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు,
ఒక చిమటా ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరిగేది.

తెగులు మడిలో చావనిది ఒకటి దొరికింది మాకు.
విరగ కాసింది. సంచుల్లో కట్టి సముద్రం దాటించాం.
మూడు పంటల తర్వాత తమండ ఉత్తరం:
తెగులు లేదు, దిగుబడి బాగుంది,
కానీ మా ఊరి ఆడవాళ్లు వద్దంటున్నారు.
వాళ్లు పప్పు పట్టించరు, గింజను గింజగానే వండుతారు.
ఓ మోపు కట్టె కాలినా ఉడకలేదట.

ఎత్తు కొలిచాం, కాయ కొలిచాం, నూరు గింజల బరువు తూచాం.
"పదేండ్లాయె. ఒక్కనాడన్న పొయ్యి మీద పెట్టిన్రా?"
అడిగింది మొగులమ్మ.
ఎవరం నోరెత్తలేదు.
మర్నాటి నుంచి ప్రయోగశాలలో తూకం పక్కన
ఒక స్టవ్వు, ఒక గడియారం, మూత సొట్టపోయిన గిన్నె.

మళ్లీ మొగ్గలు. మళ్లీ ఎర్ర దారాలు.
మళ్లీ ఆ మడి.
ఆరేళ్లు.

పోయిన మంగళవారం కబురొచ్చింది, విడుదలైందని.
జైలు నుంచి మనుషులకే ఆ మాట వాడతామనుకునేవాణ్ణి.
అంకె పోయి దానికో పేరొచ్చింది,
నా నోరు తిరగలేదు, మొగులమ్మకు మొదటిసారే పలికింది.
వ్యాసం అచ్చయింది. పైన పేర్లు లెక్కపెట్టాను:
తొమ్మిది.
నాదీ ఉంది అందులో.

"ఉడికిందట్నా?"
నలభై నిమిషాల్లో అన్నాను.
"గట్లనా. దుకాణంల తెచ్చే పప్పు గంటైనా ఉడుకదు."
ఆమె రెండెకరాలూ రింగు రోడ్డు కిందికెళ్లి పదిహేనేళ్లు.
గేటు దగ్గర మా జేబులు తడుముతారు,
ఒక్క గింజ కూడా బయటికి పోకూడదు, రూలు.
ఆమె కొంగు దులిపి చూపించింది, రోజూలాగే.

బస్సులో నా ముందు సీట్లో నిద్రపోయింది.
జడకు చిక్కుకుని ఎర్ర ఊలు పోగు ఒకటి
లింగంపల్లి దాకా ఊగుతూనే ఉంది.
లేపి చెబుదామనుకున్నాను.
తను దిగే స్టాపొచ్చింది.