ఒకటిన్నర చుట్టు

గట్టుప్పల్‌ల మా అండాలత్త ఆసు పోస్తుంటే
పక్కన కూసోని లెక్క పెట్టేదాన్ని.
పైకి ఒకసారి, కిందికి ఒకసారి,
చీరకు తొమ్మిది వేల సార్లు.
నూరు దాటినంక నాకు నిద్రొచ్చేది.
పోగు మీద ఆమె చెయ్యి మాత్రం
ఎవరో తోలుతున్నట్టు తిరుగుతనే ఉండేది.

ఇప్పుడు నల్లగొండల, పానగల్లు రోడ్డు మీద
చిన్న ల్యాబు. కరెంటు పోతే ఇన్వర్టరు కూస్తది.
ముత్తిలింగం కవర్ల మిరపాకులు తెచ్చిండు,
దోసిలి పట్టినట్టు పైకి ముడుసుకున్న ఆకులు.
"బొబ్బర, బిడ్డా. తెల్లదోమకు మూడు మందులు కొట్టిన.
ఆకుల ఏమున్నదో జెర సూడు."

ఏమున్నది పెద్దయ్యా,
ఒంటి పోగు. కొసలు కలిసిన చుట్టు.
రెండు వేల ఏడు వందల అక్షరాలు,
నీ బ్యాంకు లోను కాయితాలల్ల అంతకన్న ఎక్కువే ఉంటయ్.
దానికి మగ్గం లేదు.
నీ చెట్టు కణంలకు ఉత్తచేతులతోని వచ్చి
పని బందువెట్టి పండుకున్న మగ్గాన్ని లేపుతది,
చెట్టుతోనే జంట పోగు పోయించుకుంటది.

సొంతమని చెప్పుకుంటే ఒక కత్తెర.
తొమ్మిది అక్షరాలు మెడ సాపి నిలబడ్డ జాగ ఎతుక్కుంటది:
టీ ఏ ఏ టీ ఏ టీ టీ
టక్కున
ఏ సీ.

కోసిన కత్తెర కొసను ఇడవదు. నాకు అదే వింత.
ఒక కొసను పంటితోని పట్టుకొని కూసుంటది,
రెండో కొస పెరుగుకుంట పోతది,
కొత్త పోగు పడ్డకొద్ది పాత పోగు లేస్తది,
తిరిగి తిరిగి మళ్ల ఆ తొమ్మిది అక్షరాల కాడికొచ్చినంక
ఇంకోసారి కోసి, పట్టుకున్న కొసకు కలుపుతది.
ముడి కానరాదు.
అండాలత్త ముడి అయితే వేలికి తగిలేది.

పోయినేడు రాజేంద్రనగర్‌ల ట్రైనింగు.
ఆ చుట్టును మేమే తెంపి, నిలువుగ పరిచి,
మొదలు రెండుసార్లు వచ్చేటట్టు
ఒకటిన్నర పొడువు చేసి
వేరే దారం నడుమ కుట్టినం,
బ్యాక్టీరియా వీపు మీద మొక్కలకు తోలినం.
పదిహేనో దినానికి లేతాకులు ముడుసుకున్నయ్.
మేము కుట్టిన దారాన్ని అది ముట్టనే లేదు.
రెండు మొదళ్ల నడుమ తనదెంతో అంతే కొలుసుకొని,
ఒక్క అక్షరం ఎక్కువ తియ్యక, ఒక్కటి ఇడిసిపెట్టక,
చుట్టయి బయటికొచ్చింది.
మేడం చప్పట్లు కొట్టింది. నేను గూడ కొట్టిన.
అప్పటికి ముత్తిలింగం నాకు తెల్వదు.

రిపోర్టుల పాజిటివ్ అని రాసిన.
"మందున్నదా?"
లేదు. పీకి కాలవెట్టాలె. వచ్చేసారి నారుకు వల కప్పాలె.
ఆయన ఉత్త కవరు నాలుగు మడతలు పెట్టి
అంగి జేబుల ఏసుకున్నడు.
తలుపు కాడ ఆగిండు.
"గంత సన్నదానికి,
ఏడ కొయ్యాల్నో ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

ఐతారం ఊరికి పోయిన.
అత్త భుజానికి తైలం రాస్తుంటే నిద్రపోయింది.
నిద్రల ఆమె చెయ్యి కదిలింది,
పైకి ఒకసారి, కిందికి ఒకసారి.
లెక్క పెట్టబోయి
ఊకున్న.