జిగురు

తార్తూలో మార్చి. నది ఇంకా గడ్డకట్టే ఉంది.
పొద్దున్నే ఒక మాత్ర. కణితి తగ్గుతోందట.
వేళ్ల కొసలు మాత్రం పగిలాయి,
తీగ తగిలితే చాలు, ప్రాణం జివ్వున లాగుతుంది.

"సూపర్ గ్లూ ఒక్క చుక్క, పగులు మీద,"
అంది నర్సు కైరె, నవ్వకుండా.

నలభై ఏళ్లు వయొలిన్లు బాగుచేశాను.
ఆ జిగురు పూసి తెచ్చినవాళ్లను
గుమ్మంలోనే తిట్టేవాణ్ణి:
చెక్కకి ఊపిరాడదయ్యా, అని.

ఇప్పుడు నా బొటనవేలికి అదే.
ఆరేదాకా చెయ్యి గాల్లో పెట్టుకుని
దొంగలా కూర్చుంటాను.

రెప్పల వెంట్రుకలూ పెరిగి, మెలితిరిగి
కంట్లో గుచ్చుకుంటున్నాయి.
మైము చిన్న కత్తెర తెస్తుంది.
"పెళ్లినాడు కూడా ఇంత అందంగా లేవు నీ కళ్లు. కదలకు."
ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే కత్తిరిస్తుంది.

చెంప మీద తన ఊపిరి తగిలినప్పుడు
అయిపోయిందని తెలుస్తుంది.